అంబాసిడర్ మార్క్ 2: రేస్ పెంచితే చార్జింగ్ లైట్ మళ్లా వెలుగుతంది, బ్యాటరీ డౌన్. డైనమో పోయిందా, కటౌట్ పోయిందా?

నల్లగొండ_మార్క్2:

అందరికీ నమస్తే. బండి 1972 అంబాసిడర్ మార్క్ 2, పెట్రోల్. డైనమో (కరెంటు పుట్టించేది), కటౌట్ బాక్స్ (ఆ కరెంటును బ్యాటరీకి కలిపేది, అదుపు చేసేది) రెండూ పాతవే, ఆల్టర్నేటర్ పెట్టలేదు. బ్యాటరీ నెగటివ్ బాడీకి ఉంది. రెండు నెలల కింద టింకరింగ్, పెయింటింగ్ మొత్తం అయింది. అప్పుడే కొత్త బ్యాటరీ వేయించిన.

తాళం తిప్పితే చార్జింగ్ లైట్ మామూలుగనే వెలుగుతది. సెల్ఫ్ కొట్టినంక ఐడిల్ మీద మసకగ ఉంటది, జెర రేస్ ఇస్తే ఆరిపోతది. ఇంకా రేస్ ఇస్తే మళ్లా మెల్లగ వెలుగుడు మొదలైతది. నార్కట్‌పల్లి దిక్కు హైవే మీద 60 దాటితే ఇంకా ఎక్కువ వెలుగుతది. ఒక్కోసారి బానెట్ లోపలి నుంచి టకటక చప్పుడు వస్తది, ఆ టైంల హెడ్‌లైట్లు కూడా ఎక్కువ తక్కువ అయితయి. పొద్దున చూస్తే సెల్ఫ్ తిరగదు.

రాత్రంతా ఆపి ఉంచితే బ్యాటరీ 12.1 వోల్టులు. ఇంజన్ 2000 ఆర్‌పీఎం మీద ఉన్నా అదే 12.1, పెరగదు. ఫ్యాన్ బెల్ట్ కొత్తది. ఒక షాపుల డైనమో మార్చాలన్నరు. ఇంకో దగ్గర అంతా తీసేసి మారుతి ఆల్టర్నేటర్ పెడదామన్నరు. నాకైతే ఒరిజినల్‌గనే ఉంచుకోవాలని ఉంది. విప్పకముందే ఏది పోయిందో ఎట్ల తేల్చాలె? డిజిటల్ మీటర్, టెస్ట్ ల్యాంప్ ఉన్నయి.

పాలమూరు_డైనమో:

అన్నా, డైనమో దించకండి. మీరు చెప్పిన లైట్ తీరులోనే సగం సంగతి తేలిపోయింది.

ఆ బల్బుకు ఒక కొస తాళం గుండా బ్యాటరీ మీద ఉంటుంది, రెండో కొస డైనమో 'డి' టెర్మినల్ మీద. రెండు కొసల మధ్య వోల్టేజీ తేడా ఉంటే వెలుగుతుంది, సమానమైతే ఆరుతుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు 'డి' దగ్గర ఏమీ లేదు కాబట్టి నిండుగా వెలుగుతుంది. రేస్ ఇచ్చేకొద్దీ డైనమో 12 దాకా లేస్తుంది, లైట్ ఆరుతుంది. ఆ తర్వాత ఇంకొంచెం లేవగానే కటౌట్ పాయింట్లు అతుక్కొని 'డి'ని బ్యాటరీతో కలిపేయాలి. కలిశాక రెండు కొసలూ ఒక్కటే, ఇక ఎంత తొక్కినా వెలగదు. మీ బండిలో ఆరి మళ్లీ వెలుగుతోందంటే 'డి' బ్యాటరీని దాటి పైకి పోతోంది, కానీ కరెంటు బ్యాటరీకి చేరడం లేదు. ఇప్పుడు బల్బులో కరెంటు ఎదురు దిశలో పారుతోంది, బల్బుకు ఆ తేడా తెలియదు. డైనమో చచ్చి ఉంటే ఆ లైట్ అసలు ఆరేదే కాదు.

అయినా డైనమోను ఒంటరిగా ఒకసారి పరీక్షించండి, పది నిమిషాల పని. దాని మీది రెండు వైర్లూ పీకండి. పెద్ద టెర్మినల్ 'డి', చిన్నది 'ఎఫ్'. రెండింటినీ చిన్న రాగి తీగతో కలపండి. మీటర్ ఒక వైరు ఆ తీగకు, రెండోది డైనమో ఒంటికే, పెయింట్ లేని చోట పట్టించండి. ఐడిల్ నుంచి మెల్లగా పెంచండి. వోల్టేజీ ఎక్కడా తడబడకుండా గబగబా ఎక్కాలి. 20 దాటనివ్వొద్దు, ఇంజన్ 1000 ఆర్‌పీఎం చాలు. ఈ పరీక్షలో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ అడ్డం లేదు, ఊరికే తొక్కితే ఫీల్డ్ కాయిల్ (డైనమోలో అయస్కాంతం పుట్టించే చుట్ట) కాలిపోతుంది.

అసలేమీ రాకపోతే కరెంటు బయటికి తెచ్చే బొగ్గు బ్రష్‌లు చూడాలి. గూట్లో ఇరుక్కున్నాయా, స్ప్రింగ్ వదులైందా, 7 మిల్లీమీటర్ల కంటే అరిగాయా అని. అర వోల్టు నుంచి ఒక వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్ కాయిల్ మీద అనుమానం. 4, 5 వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచర్ వైండింగ్, అంటే లోపల తిరిగే భాగపు చుట్ట. కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి పలకల భాగం) మురికిగా ఉంటే పెట్రోల్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. నల్లగా పట్టేసి ఉంటే సన్నటి గాజు పేపర్ వాడండి. ఎమరీ మాత్రం వద్దు, దాని పొడి రాగి పలకల మధ్య సందుల్లో కూరుకుంటుంది.

డైనమో బాగుంటే వైర్లు మళ్లీ పెట్టేసి కటౌట్ బాక్స్ దగ్గరికి రండి. దాని మీద 'ఎ', 'ఎ1', 'ఎఫ్', 'డి', 'ఈ' అని అయిదు టెర్మినళ్లు ఉంటాయి. 'ఈ' అంటే ఎర్త్, బాడీకి కలిసేది. 'ఎ'కు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, దారిలో ఫ్యూజ్ ఉండదు. వైర్లు విప్పేటప్పుడు బ్యాటరీ ఎర్త్ వైరు ముందు తీసేయండి, వేలికి ఉంగరం ఉంటే అదీ తీయండి. తర్వాత ఇంజన్ ఒకే వేగం మీద ఉంచి నాలుగు రీడింగులు రాసుకోండి: 'డి'కి డైనమో ఒంటికి మధ్య, 'ఎ'కు డైనమో ఒంటికి మధ్య, 'డి'కి 'ఈ'కి మధ్య, 'ఈ'కి డైనమో ఒంటికి మధ్య. చివరిది చాలామంది కొలవరు.

రెగ్యులేటర్ పాయింట్లు కొట్టుకుంటుంటే డిజిటల్ మీటర్ అంకెలు పిచ్చిగా మారతాయి. ముల్లు మీటర్ ఎవరి దగ్గరైనా దొరికితే ఈ పనికి అదే మేలు.

సూర్యాపేట_ఆటోఎలక్ట్రిక్:

పాలమూరు అన్న చెప్పింది మొత్తం కరెక్ట్. ఆ చివరి రీడింగే మీరు ముందు తీయండి సార్. బండి పెయింటింగ్ అయినంక మొదలైన చార్జింగ్ కంప్లయింట్ అంటే ముందు చూడాల్సింది ఎర్తింగే. బాక్స్ 'ఈ' వైరు బాడీ రేకుకు స్క్రూ చేసి ఉంటది. పెయింటర్లు రేకు మొత్తానికి ప్రైమర్, రెండు కోట్లు కొట్టి, లగ్గును (వైరు కొసకుండే రింగును) దాని మీదనే పెట్టి బిగిస్తరు. పైకి కొత్తగా, గట్టిగా కనబడతది. కింద ఇనుము తగలదు. స్క్రూ మరల దగ్గర కొంచెం తగిలి అంతో ఇంతో కరెంటు పోతది కాబట్టి టెస్ట్ ల్యాంప్ కూడా సన్నగ వెలుగుతది, మనం ఎర్త్ ఉందనుకొని మోసపోతం.

ఇంజన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ కూడా చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్‌కు, బాడీకి మధ్య మీటర్ పెడితే అర వోల్టు లోపలే ఉండాలె. ఎక్కువుంటే ఆ పట్టీ రెండు కొసలూ విప్పి గీకాలె.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. ఎవరన్నా మెకానిక్ 'ఎఫ్'ను బాడీకి తాకించి చార్జింగ్ వస్తదా అని చూస్తనంటే ఒప్పుకోకండి. కొన్ని వేరే కంపెనీల డైనమోలకు ఆ టెస్ట్ నడుస్తది. మన లూకాస్ డైనమోల ఫీల్డ్‌కు కరెంటు 'డి' నుంచి రెగ్యులేటర్ పాయింట్ల గుండా వస్తది, ఫీల్డ్ రెండో కొస లోపలనే ఒంటికి కలిసి ఉంటది. బాక్స్ కలిపి ఉండగ 'ఎఫ్'ను ఎర్త్ చేస్తే కరెంటంతా పాయింట్ల మీదుగ నేరుగ నేలకు పోతది. పాయింట్లు అక్కడికక్కడే మాడిపోతయి.

నల్లగొండ_మార్క్2:

ఇద్దరికీ థాంక్స్. ముల్లు మీటర్ మోటార్ వైండింగ్ షాపుల దొరికింది, దాంతోనే తీసిన.

డైనమో ఒంటరిగ: ఐడిల్‌కు కొంచెం పైననే 18 దాకా గబగబా లేచింది, తడబాటు లేదు. అక్కడ ఆపేసిన.

వైర్లు పెట్టినంక, ఇంజన్ 1500 దగ్గర: 'డి'కి ఒంటికి 18.5. 'ఎ'కు ఒంటికి 12.1. 'డి'కి 'ఈ'కి 12.4. 'ఈ'కి డైనమో ఒంటికి 6.1.

సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్‌కు బాడీకి 0.2 మాత్రమే. అంటే పెద్ద పట్టీ మంచిగనే ఉన్నట్టు కదా? 'ఈ' స్క్రూ చూస్తే సూర్యాపేట అన్న చెప్పినట్టే ఉంది. లగ్గు కింద తెల్ల పెయింట్ మెరుస్తంది, లగ్గు అంచు గుండ్రంగ అచ్చు పడ్డది కానీ ఇనుము కనబడతలేదు.

మొదటి షాపతను కటౌట్ మూత తీసి ఒక స్క్రూను అటిటు తిప్పిండు. దానివల్ల ఏమన్నా అయి ఉంటదా?

పాలమూరు_డైనమో:

రీడింగులు ఇంత శుభ్రంగా ఇస్తే చెప్పడం సులువు. 'ఈ' దగ్గర సున్నా ఉండాల్సింది 6.1 ఉంది. మొత్తం జబ్బు అదే.

ఆ పెట్టెలో రెండు కాయిళ్లు ఉంటాయి, ఒకటి కటౌట్‌ది, ఒకటి రెగ్యులేటర్‌ది. రెండింటికీ నేల ఆ ఒక్క 'ఈ' టెర్మినలే. డైనమో 18.5 ఇస్తున్నా పెయింట్ దగ్గర 6.1 పోయి కాయిళ్లకు కనిపించేది 12.4. కటౌట్ అతుక్కోవాలంటే 12.7 నుంచి 13.3 మధ్య కావాలి, అందదు కాబట్టి అతుక్కోదు. రెగ్యులేటర్ ఫీల్డ్‌ను తగ్గించాలంటే దానికి సుమారు 16 కనబడాలి, అదీ అందదు కాబట్టి వోల్టేజీ అదుపు లేకుండా లేస్తోంది. మీ లైట్ స్పీడుతో పాటు పెరగడానికి కారణం ఇదే: ఒక కొస 18.5, రెండోది 12.1.

టకటక చప్పుడూ ఇందులోదే. హైవే మీద డైనమో ఇంకా లేచి కటౌట్ కాయిల్‌కు 13 దాకా అందుతుంది, పాయింట్లు అతుక్కుంటాయి. అతుక్కున్న మరుక్షణం డౌన్ అయిన బ్యాటరీ భారం మీద పడి 'డి' 14కు దిగుతుంది. అందులో మూడో వంతు పెయింటే తినేస్తే కాయిల్‌కు 9 చిల్లర మిగులుతుంది. 8.5, 11 మధ్య ఎక్కడైనా వదిలేయడం కటౌట్ స్వభావం, వదిలేస్తుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ అతుక్కుంటుంది. హెడ్‌లైట్లు కొట్టుకున్నది అందుకే. ప్రతి దెబ్బకూ పాయింట్ల మీద నిప్పురవ్వ పడుతుంది కాబట్టి వాటిని కూడా చూడాలి.

ఈ ఎర్త్ ఇంకొంచెం తక్కువ చెడి ఉంటే ఇంతకన్నా నష్టం జరిగేది. పెయింట్ దగ్గర ఒకటి రెండు వోల్టులే పోతే కటౌట్ అతుక్కుంటుంది, రెగ్యులేటర్ మాత్రం అంతమేర ఎక్కువ వోల్టేజీ వదులుతుంది. బ్యాటరీలో నీళ్లు మరిగి వారానికోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి వస్తుంది, బల్బులు వరసగా పోతాయి. నీళ్లు తగ్గుతున్నాయని బ్యాటరీని తిడతారు గానీ ఈ స్క్రూ దిక్కు ఎవరూ చూడరు.

ఇక పని. బ్యాటరీ ఎర్త్ తీయండి. 'ఈ' వైరు లగ్గు కింద రూపాయి బిళ్లంత మేర పెయింట్, ప్రైమర్ రెండూ గీకి తెల్ల ఇనుము తేలేదాకా రుద్దండి. లగ్గు అడుగు భాగం కూడా రుద్దండి. రేకుకు లగ్గుకు మధ్య స్టార్ వాషర్ వేసి బిగించండి, దాని పళ్లు రెండింటిలోనూ దిగాలి. బిగించాక పైన వాజలిన్ పూయండి, ముందు కాదు. దీంతో ఆగకుండా 2.5 చదరపు మిల్లీమీటర్ల నల్ల వైరు ఒకటి 'ఈ' నుంచి నేరుగా డైనమో బ్రాకెట్ బోల్టుకు వేయండి. కరెంటు పుట్టేది అక్కడే, దాని నేలా అదే. ఇంకోసారి పెయింటింగ్ చేయించినా చార్జింగ్‌కు ఢోకా ఉండదు.

తర్వాత పాయింట్లు. రెగ్యులేటర్ పాయింట్లను సన్నటి కార్బొరండం రాయితో గానీ సన్న ఎమరీ గుడ్డతో గానీ ఒకటి రెండుసార్లు తాకించండి. కటౌట్ పాయింట్లు మెత్తటివి, వాటికి రాయి గానీ ఎమరీ గానీ వద్దు. సన్నటి గాజు పేపర్‌ను చీలికలా కత్తిరించి పాయింట్ల మధ్య పెట్టి, వేలితో మెల్లగా మూసి లాగండి. రెండింటినీ స్పిరిట్‌తో తుడవండి. గాజు పేపర్ నలక ఒక్కటి మిగిలినా పాయింట్లు ఎత్తు మీద ఆగుతాయి.

షాపతను స్క్రూ తిప్పాడంటే సెట్టింగ్ చూడక తప్పదు. ఎర్త్ చెడి ఉండగా కటౌట్ అతుక్కోలేదని దాన్ని వదులు చేసి ఉంటే ఇప్పుడు మరీ తొందరగా అతుక్కుంటుంది. 'డి', 'ఈ' మధ్య మీటర్ పెట్టి మెల్లగా రేస్ పెంచండి. ముల్లు కొంచెం వెనక్కి కొట్టే చోటు కటౌట్ అతుక్కునే వోల్టేజీ. 12.7, 13.3 మధ్య ఉండాలి.

రెగ్యులేటర్‌కు 'ఎ', 'ఎ1' వైర్లు రెండూ పీకి ఒకదానికొకటి కలిపి టేపు చుట్టండి, ఇంజన్‌కు బ్యాటరీ నుంచే కరెంటు అందుతుంది. మీటర్ అదే చోట. రేస్ మెల్లగా పెంచితే ఒక చోట ముల్లు చిన్నగా ఉలిక్కిపడి నిలబడుతుంది. ఆ అంకె 20 డిగ్రీల దగ్గర 16.0 నుంచి 16.6, 30 దగ్గర 15.9 నుంచి 16.5, 40 దగ్గర 15.8 నుంచి 16.4 ఉండాలి. చల్ల దేశపు అంకె పట్టుకొని మన మే నెల మధ్యాహ్నం సెట్ చేస్తే వానాకాలం, చలికాలం బ్యాటరీ మరుగుతుంది, అందుకే పొద్దున చల్లగా ఉన్నప్పుడు చేయండి. మొత్తం అర నిమిషంలో ముగియాలి. కాయిల్ వేడెక్కితే తప్పు అంకె చూపిస్తుంది. సరిగా లేకపోతే లాక్ నట్ వదులు చేసి స్క్రూను కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకు తిప్పితే తగ్గుతుంది. ఒకసారికి పావు చుట్టు కూడా ఎక్కువే.

వనపర్తి_పాతబండి:

ఇక్కడే అడుగుతున్నా, క్షమించాలి. మా దగ్గర ఉన్న పాత బండికి బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఉంది. మ్యూజిక్ సిస్టం, మొబైల్ చార్జర్ పెట్టడానికి నెగటివ్ ఎర్త్‌కు మార్చాలనుకుంటున్నాం. బ్యాటరీ తిప్పి పెడితే సరిపోతుందా?

సూర్యాపేట_ఆటోఎలక్ట్రిక్:

సరిపోదు అన్నా. డైనమో ఇనుపలో పాత దిశ అయస్కాంతం మిగిలి ఉంటది. అట్లనే స్టార్ట్ చేస్తే పాత దిశలోనే కరెంటు పుట్టిస్తది, కటౌట్ అతుక్కోగానే బ్యాటరీ, డైనమో ఒకదాని మీద ఒకటి పడతయి. పాయింట్లు వెల్డ్ అయితయి.

బ్యాటరీ తిప్పి పెట్టినంక ఇంజన్ స్టార్ట్ చేయకముందు డైనమో మీది 'ఎఫ్' వైరు పీకండి. పీకిన వైరు కాదు, డైనమో 'ఎఫ్' టెర్మినల్‌నే చూడాలె. బ్యాటరీ కరెంటు కొస, అంటే బాడీకి లేని కొస నుంచి ఒక వైరు తెచ్చి దాని మీద మూడు నాలుగుసార్లు టక్కున తాకించి తీయండి. చిన్న నిప్పురవ్వ వస్తది. అయిపోయింది, వైరు మళ్లా పెట్టండి. ఇగ్నిషన్ కాయిల్ మీది రెండు చిన్న వైర్లు తారుమారు చేయాలె, ఆంప్ మీటర్ ఉంటే దాని వైర్లు కూడా. సెల్ఫ్ మోటార్‌కు ఏమీ చేయక్కర్లేదు, అటైనా ఇటైనా ఒకే దిక్కు తిరుగుతది. పాత రేడియో ఏదన్నా ఉంటే ముందే వైరు తీసేయండి. మార్చినంక బానెట్ కింద 'నెగటివ్ ఎర్త్' అని పెద్దగ రాసి అంటించండి, రేపు ఎవరో బ్యాటరీ మార్చేటప్పుడు చూసుకుంటరు.

నల్లగొండ_మార్క్2:

అన్నలూ, పని అయింది. 'ఈ' దగ్గర ఇప్పుడు 0.03. లైట్ ఐడిల్‌కు కొంచెం పైన ఆరింది, 3000 దాకా తొక్కినా మళ్లా వెలగలేదు. కటౌట్ మొదట 11.9కే అతుక్కుంటుండె, షాపతను తిప్పింది ఆ స్క్రూనే అన్నట్టు. 13.0కు తెచ్చిన. రెగ్యులేటర్ పొద్దున 7 గంటలకు, సుమారు 30 డిగ్రీల ఎండల 16.1 చూపించింది, ముట్టుకోలేదు. అన్ని వైర్లు పెట్టినంక 2000 దగ్గర బ్యాటరీ మీద 14.1, హెడ్‌లైట్లు వేస్తే 13.5.

రెండు డౌట్లు. ఐడిల్ మీద లైట్ ఇంకా కొంచెం మినుకుమంటంది, అది మామూలేనా? హెడ్‌లైట్లకు 100/90 హాలోజన్ వేయొచ్చా?

పాలమూరు_డైనమో:

ఐడిల్ మీద మినుకు మామూలే. డైనమోకు ఆ వేగం చాలదు, కటౌట్ విడిపోయి ఉంటుంది, విడిపోకపోతే బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పారుతుంది.

100/90 వద్దు. మీ డైనమో నిండుగా ఇస్తే 22 ఆంప్స్. రెండు 100 వాట్ల బల్బులే 17 దాకా తీసుకుంటాయి, వెనక లైట్లు, మీటర్ లైట్లు రెండున్నర, ఇగ్నిషన్ మూడున్నర. బ్యాటరీకి ఏమీ మిగలదు, వైపర్ వేస్తే అప్పు. 60/55 వేసి రిలే పెట్టండి, రాత్రి ప్రయాణానికి చాలు. ఆ లోపల ఉంటే ఆల్టర్నేటర్ అవసరమే రాదు. ఏసీ పెట్టాలనుకున్న రోజు ఆ మాట ఆలోచిద్దాం.

బ్యాటరీ రెండు నెలలు సగం చార్జింగ్ మీదే నడిచింది. దాన్ని నింపే పని డైనమో మీద వేయకండి. బ్యాటరీ షాపులో ఆంపియర్ అవర్‌లో పదో వంతు కరెంటుతో, అంటే 60 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 6 ఆంప్స్‌తో, నిండేదాకా పెట్టించండి. తర్వాత హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత కొలిచేది) ఆరు గూళ్లూ చూడమనండి. ఒక గూటికి ఇంకో గూటికి 50 పాయింట్లకు (0.050) మించి తేడా ఉంటే ఆ బ్యాటరీ కోలుకోదు, వారంటీ ఉండగానే అడగండి.

డైనమో వెనక మూతకు మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. అందులో ఇంజన్ ఆయిల్ రెండు మూడు చుక్కలు వేయండి, ఎక్కువైతే కమ్యుటేటర్ మీద పడుతుంది.

ఆఖరుది. పాయింట్లు అన్ని రోజులు కొట్టుకున్నాయి కాబట్టి అతుక్కొని ఉండిపోయే ప్రమాదం కొన్నాళ్లు ఉంటుంది. ఈ నెల రోజులు బండి ఆపి తాళం తీశాక ఒక నిమిషం ఆగి, బానెట్ ఎత్తి కటౌట్ మూత తీసి చూడండి. పాయింట్ల మధ్య సందు కనబడాలి. కనబడకపోతే బ్యాటరీ ఎర్త్ వెంటనే తీసేయండి. అట్లే వదిలేస్తే రాత్రికి రాత్రి బ్యాటరీ ఖాళీ అవడమే కాదు, డైనమో వైండింగ్ కూడా కాలుతుంది.